సముద్రం అడుగున ఎండుచేపలు

మా అప్ప కొర్లమ్మ సముద్రం అడుగున చేపలు ఎండబెడుతుంది.

నవ్వకండి. ప్రభుత్వం వారి బోర్డు ఉంది. నీలం రంగు మీద తెల్లక్షరాలతో "లోతు: ఎనిమిది బారలు. మునిగిపోవు ప్రమాదము కలదు" అని రాసి ఉంది. ఆ బోర్డు నీడలో మా ఊరి కుక్క రోజూ పడుకుంటుంది. ఇంతవరకూ మునగలేదు. దానికి చదువు రాదు కాబట్టి బతికిపోయింది. నేను ఆరో తరగతి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చినవాణ్ణి. ఆ కాస్త చదువుకే సగం మునిగాను.

మా ఊరు కొయ్యరేవు. ఊరికెదురుగా, అలలు దాటి కొంత దూరం పోతే నీళ్ళ కింద ఒక ఓడ ఉంది. తెల్లదొరల కాలంలో బొగ్గు మోసుకుపోతూ తుఫానుకి మునిగిపోయింది. మా తాతలకి అది చరిత్రా కాదు, మరోటీ కాదు. వలలు చింపే రాక్షసి. దాని పక్కనుంచి పోతూ తలో తిట్టూ తిట్టి పోవడమే వాళ్ళు దానికి చేసిన మర్యాద.

మా అప్ప కొడుకు, నా మేనల్లుడు ధనరాజు అండమాను పోయి, సిలిండరు వీపుకి కట్టుకుని నీళ్ళలో మునిగే విద్య నేర్చుకొచ్చాడు. అప్పట్నించి ఓడకి మంచి రోజులొచ్చాయి. పట్నం జనం రావడం, వీడు వాళ్ళకి రబ్బరు చొక్కా తొడిగి, ముఖానికి అద్దం పెట్టి, కాళ్ళకి కప్పకాళ్ళ చెప్పులు వేసి ఓడ చూపించడం, వాళ్ళు పైకొచ్చి "అబ్బబ్బ" అనడం.

నన్నూ ఒకసారి లాక్కుపోయాడు.

"ఒరే, నాను నీళ్ళమీద బతికినోణ్ణిరా. నీళ్ళడుక్కి ఎల్లినోడు మళ్ళీ తిరిగొచ్చినట్టు మన ఇంటా వంటా లేదు," అన్నాను.

"నోర్మూసుకుని రా మావా. కింద మాటాడ్డానికి కుదర్దు. అదొక్కటే నీకు కష్టం," అన్నాడు.

నిజమే, అదొక్కటే కష్టమైంది. తక్కినదంతా... ఏం చెప్పను? నిరుడు మార్చి నెల. నీళ్ళు బాలింతకి కాచినట్టు గోరువెచ్చగా ఉన్నాయి. కొబ్బరి నీళ్ళంత తేటగా ఉన్నాయి. ఓడ ఒక పక్కకి ఒరిగి, పెళ్ళిభోజనం చేసిన పెద్దమనిషిలా పడుకునుంది. దాని ఇనప మెట్ల మీద నాచు పచ్చగా పెరిగింది. బొగ్గు మండించే పొయ్యిలో చేపలు కాపురాలు పెట్టాయి. పిల్లా జెల్లా, అత్తా కోడలూ, అన్ని వరసలవాళ్ళూ ఉన్నట్టున్నారు. ఒక బండచేప పొయ్యి గుమ్మంలోంచి నన్ను చూసి నోరు తెరిచింది, మూసింది. మా ప్రెసిడెంటుగారూ అంతే, అర్జీ తీసుకెళ్తే. అరవయ్యేళ్ళుగా ఈ నీళ్ళమీద తిరుగుతున్నాను, కింద ఇంత ఊరుందని తెలీదు. పైకొచ్చాక కూడా నోట్లోంచి గాలిగొట్టం తీయడం మరిచిపోయాను. ధనరాజు భయపడి నా వీపు మీద చరిచాడు.

వాడు తీసిన ఓడ వీడియో ఫోన్లలో ఊరూరా తిరిగింది. తిరిగి తిరిగి సముద్రగర్భ వారసత్వ పరిరక్షణ విభాగం వారి చేతిలో పడింది. ఆ విభాగం కొత్తగా పెట్టారట. ఆఫీసుంది, బోర్డులున్నాయి, రబ్బరు స్టాంపులున్నాయి. పరిరక్షించడానికి సముద్రగర్భంలో వాళ్ళకి ఒక్క వస్తువూ దొరకలేదు. అలాంటివాళ్ళకి ఓడ కనిపిస్తే ఊరుకుంటారా?

ముందు సర్వేయరు సదాశివంగారు వచ్చారు. ఇనప గొలుసూ, మూడు కాళ్ళ యంత్రమూ తెచ్చుకున్నారు. ధనరాజు పడవ సిద్ధం చేశాడు. మొదటి అలకి ఆయన ప్యాంటు తడిసింది. రెండో అల ఒక చెప్పు పట్టుకుపోయింది. మూడో అల రాకముందే ఆయన ఒడ్డెక్కి, మా ఎండుచేపల మెట్ట మీద ఉన్న ఒంటితాడి కింద కూర్చున్నారు.

ఆ మెట్ట గురించి చెప్పాలి. సముద్రం పక్కనే ఎత్తుగా ఉన్న ఇసక నేల. మా ఊరి ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టుకునేది అక్కడే. వాళ్ళలో పెద్దది మా అప్ప. మగడు పోయాక ఆ ఇసకలో ఎండబెట్టిన నెత్తళ్ళతోనే ధనరాజుని పెంచింది. పెళ్ళాం పోయిన నాకు రెండు పూటలా కూడు పెడుతోంది.

"ఓడ ఏ సర్వే నంబరులో ఉన్నది?" అన్నారు సదాశివంగారు, కాగితం తీసి.

"సముద్రానికి నంబరుండదు సార్," అన్నాడు ధనరాజు.

"నంబరు లేనిచో స్మారకము లేదు. గడి ఖాళీగా వదిలిన యెడల కంప్యూటరు స్వీకరించదు."

ఆయన ముఖం చూస్తే జాలేసింది. జాలేస్తే నాకు వేళాకోళం వస్తుంది, అదో జబ్బు. "సార్," అన్నాను, "మేం ఓడకాడికి ఎలాగెల్తామనుకుంతన్నారు? నీళ్ళమీద గీతలేటైనా ఉన్నాయేటి? ఈ తాడిచెట్టు, ఆ ఎనకాల కొండమీద టవరు, రెండూ ఒక్క వరసలోకి వచ్చేదాకా పడవ నడుపుతాం. వచ్చిందంటే కిందే ఓడ. మరి ఓడని పట్టిచ్చేది ఈ మెట్టే కదా. మెట్టకి నంబరుంది. అదే ఏసీండి. ఓడ ఒకేల కుంత అటో ఇటో ఉంటే, అదేటి పారిపోద్దా?"

వేళాకోళానికే అన్నాను, దేవుడి తోడు. ఆయన మాత్రం తిరునాళ్ళలో తప్పిపోయిన తండ్రి దొరికినట్టు నన్ను చూశారు. "మీవంటి విజ్ఞులు ప్రతి గ్రామంలో ఉండాలి," అని రాసేసుకున్నారు. వెళ్ళేటప్పుడు నా చేతులు పట్టుకుని ఊపారు. నేను వారం పొడుగునా టీ కొట్టు దగ్గర ఆ కథ చెప్పి అందర్నీ నవ్వించాను.

తర్వాత బోర్డొచ్చింది.

మెట్ట నడినెత్తిన పాతారు. ఇది రక్షిత సముద్రగర్భ స్మారకమట. ప్రాణవాయు సిలిండరు, ముఖ కవచము, ఈత పాదుకలు లేనివారికి ప్రవేశము లేదు. ఇందు చేపలు పట్టరాదు. ఇందున్న సముద్రజీవులను ముట్టరాదు, వేటాడరాదు, తొలగించరాదు. మునిగినచో విభాగము బాధ్యత వహించదు.

బోర్డుతో పాటు అప్పలసూరి అని ఒక కాపలాదారు వచ్చాడు. కొండ పక్క ఊరివాడు. పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడటం అదే మొదలు. చూసీ చూడగానే వీపు దానికి పెట్టి, ముఖం మెట్టకి పెట్టి నిలబడమన్నారు పాపం. విధుల్లో ఉన్నంతసేపూ పరికరాలు తొడుక్కోవాలని ఉత్తర్వు. నెత్తి మాడే ఎండలో నల్ల రబ్బరు చొక్కా, ముఖానికి అద్దం, కాళ్ళకి కప్పకాళ్ళు. ఈల ఊదాలంటే నోట్లో గొట్టం తీయాలి. గొట్టం తీస్తే నిబంధన ప్రకారం మునిగిపోవాలి. అందుకని ఊపిరి బిగబట్టి ఊదేవాడు.

ధనరాజూ నేనూ పట్నంలో ఆఫీసుకి పోయాం. ఉపసంచాలకులు పరాంకుశంగారు చల్లటి గదిలో కూర్చునున్నారు.

"సార్, ఓడ సముద్రంలో ఉంది. మీ బోర్డు మెట్టమీదుంది," అన్నాడు ధనరాజు.

"మీరు చెప్పునది నిజమే కావచ్చును," అన్నారాయన చాలా మర్యాదగా. "అయితే వాస్తవ స్థితికి, రికార్డు స్థితికి వైరుధ్యము తలెత్తిన సందర్భములో వాస్తవ స్థితిని సవరించుకొనుటకు పౌరునికి అవకాశము కల్పించబడినది."

"అంటే?"

"ఓడను తెచ్చి మెట్టమీద పెట్టుకొనవచ్చును. రవాణా భారము మీదే."

"సార్, అక్కడ నీళ్ళే లేవు!"

"నీటి ఎద్దడి మా పరిధిలోనిది కాదు. విడిగా అర్జీ పెట్టుకొనండి."

నాకు నవ్వాగలేదు. ధనరాజు నా కాలు తొక్కాడు.

ఇంటికొచ్చాక నవ్వు ఆగింది. ఆ వారమే నెత్తళ్ళు విరగబడ్డాయి. ఏ వల చూసినా వెండి పోసినట్టుంది. పడితే ఏం లాభం? ఆరబెట్టడానికి చోటు లేదు. ఆడవాళ్ళు రోడ్డు మీద పోస్తే బస్సువాడు తిట్టాడు. బడి గోడమీద పోస్తే మేష్టారు తిట్టాడు. ఇంటి కప్పులమీద పోస్తే పిల్లులు పండగ చేసుకున్నాయి. షావుకారు ముక్కు మూసుకుని వచ్చి "కోళ్ళ దాణాకైతే తీసుకుంతాను" అన్నాడు. మా అప్ప ఆ మాటకి ఏడ్చింది. మగడు పోయినప్పుడు కూడా అందరి ముందూ ఏడవని మనిషి.

అన్నం వేళకి వెళ్ళాను. కూరకుండ బోర్లించి ఉంది.

"ఒరే మసేనూ," అంది అప్ప, "నోరు తినడానికిచ్చినాడురా దేముడు. నువ్వు దాన్ని మాటాడ్డానికి వాడేసినావు. ఆ సర్వేలోడికి నా మెట్ట సూపించింది నువ్వు కాదేటి?"

"వేళాకోళానికన్నానప్పా..."

"మరి ఇప్పుడు నవ్వు, సూద్దాం. నవ్వలేవు కదా? ఎల్లు. నా మెట్ట నాకొచ్చేదాకా నా గుమ్మం తొక్కొద్దు."

ఆ రోజు అరటిపండు తిని పడుకున్నాను. మా అప్ప చేతి కవళ్ళ చేపల పులుసుకి అలవాటుపడ్డ నాలిక అరటిపండుని చూసి ఎంత అవమానపడిందో నాకే తెలుసు. ఆకలి వేస్తే నాకు బుర్ర పనిచేస్తుంది. బడిలో నన్ను తిండి మాన్పించి కూర్చోబెట్టి ఉంటే ఈపాటికి కలెక్టరు అయ్యేవాణ్ణి.

పొద్దున్నే ధనరాజు సామాను గది తాళం తీయించాను.

ఆ ఉదయం మా ఊరి వీధిలో జరిగిన ఊరేగింపు అమ్మవారి పండక్కి కూడా జరగలేదు. ముందు మా అప్ప, వెనక ఆడవాళ్ళందరూ. గోచీ కట్టిన చీరలు, ముఖాలకి అద్దాలు, కాళ్ళకి కప్పకాళ్ళు, నెత్తిన నెత్తళ్ళ గంపలు. వీపులకి సిలిండర్లు చాలకపోతే కొందరు గాలి అయిపోయిన ఖాళీవి కట్టుకున్నారు. కప్పకాళ్ళతో నడక రాక ఫటఫటా కొట్టుకుంటూ బాతుల మందలా వచ్చారు. అద్దం లోపల మా అప్ప కళ్ళు ఇంతేసి కనిపిస్తున్నాయి. నాకేసి ఒక్కసారి చూసింది. నేను నవ్వలేదు. ప్రాణమ్మీద ఆశ.

అప్పలసూరి ఊపిరి బిగబట్టి ఈల ఊదాడు. "ఎవుర్మీరు?"

"డైవర్లం," అంది అప్ప.

వాడు బోర్డు చదువుకున్నాడు. సిలిండరుంది, అద్దముంది, పాదుకలున్నాయి. "గంపల్లో ఏటి?"

"సేపలు."

"ఇక్కడ సేపలు పట్టకూడదు!"

"పడతన్నామేటిరా నాయినా? ఒదుల్తన్నాం. సముద్రంలో సేపలు ఒదిలితే తప్పని ఉందేటి నీ బోర్డుమీద?"

అప్పలసూరి మళ్ళీ చదివాడు. లేదు. నిజాయితీపరుడు, లేనిది ఉందనడు. పక్కకి తప్పుకున్నాడు. ఆడవాళ్ళు మెట్టంతా చేపలు వదిలారు. చేపలు చక్కగా వరసల్లో పడుకుని ఎండకి కళ్ళు తేలేశాయి.

కాసేపటికి కాకులు దిగాయి. నేను నెమ్మదిగా సూరి పక్కకి చేరాను. "ఒరే సూరీ, నాకెందుకులే గానీ, రక్షిత సముద్రజీవుల్ని ఎవులో వేటాడేస్తన్నారు. పైవాళ్ళు అడిగితే ఏటి సెప్తావో సూసుకో."

అంతే. మా ఊరు పుట్టాక ఆ మెట్టకి అంత కాపలా ఎప్పుడూ లేదు. కర్ర పుచ్చుకుని, కప్పకాళ్ళతో గెంతుతూ, కాకిని రానివ్వలేదు, కుక్కని రానివ్వలేదు, ఈగని కూడా ఆలోచించుకుని రమ్మన్నాడు. ఆడవాళ్ళు తాడి నీడలో కూర్చుని, అద్దాలు నెత్తిమీదికి తోసుకుని, చుట్టలు వెలిగించారు.

పొద్దు వాలింది. ఎత్తుకునే వేళయింది. అప్ప గంప తీసుకుని వంగిందో లేదో, ఈల.

"ముట్టరాదు. తొలగించరాదు," అన్నాడు సూరి. వాడి గొంతులో వాడికే బాధగా ఉంది. "నానేటి సెయ్యను సిన్నమ్మా? రాసుంది."

ఇది నేను ఆలోచించలేదు. ఎండబెట్టడం దాకా ఆలోచించాను, ఎత్తడం మరిచిపోయాను. రాత్రి మంచు పడితే నెత్తళ్ళు ఎర్రబారిపోతాయి, తెల్లారితే కోళ్ళ దాణాకి కూడా పనికిరావు. అప్ప నాకేసి చూసింది. అద్దం లేకుండానే కళ్ళు ఇంతేసి ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే జీపులొచ్చాయి. పరాంకుశంగారు స్మారకాన్ని స్వయంగా పరిశీలించడానికి వేంచేశారు. ఫోటోలవాళ్ళు, పేపరువాళ్ళు వెంట ఉన్నారు. నిబంధన నిబంధనే కాబట్టి ఆయన రబ్బరు చొక్కాలో ఉన్నారు. అది ఆయన పొట్టకి రాజీనామా ఇచ్చేలా ఉంది. సిలిండరు వెనకనుంచి ఇద్దరు బంట్రోతులు మోస్తున్నారు.

నేను చెయ్యందించాను. "మెల్లగా రండి సార్. ఇక్కడ లోతు ఎక్కువ."

కప్పకాళ్ళతో ముందుకి నడవలేక వెనక్కి తిరిగి నడుస్తూ స్మారకంలోకి దిగారు. చెమట ధారలు కడుతోంది. గొట్టం తీసి అన్నారు, "నీరు చాలా వెచ్చగా ఉన్నది."

"మార్చి నెల కదండీ."

"మిక్కిలి నిర్మలముగా కూడా ఉన్నది. దూరమున ఆ కొండ సైతము స్పష్టముగా కానవచ్చుచున్నది. రాసుకొనండి." బంట్రోతు రాసుకున్నాడు. "చేపలు సమృద్ధిగా ఉన్నవి. కానీ కదలవేమి?"

"పెద్దోళ్ళొస్తన్నారు, అల్లరి సెయ్యకండని పొద్దున్నే సెప్పినాం సార్."

"క్రమశిక్షణ," అన్నారాయన మెచ్చుకుంటూ.

మా అప్పకి ఈ ముచ్చట్లు వినే ఓపిక లేదు. పొద్దు కుంగిపోతోంది. గంప పట్టుకుని చేపలు ఎత్తడం మొదలెట్టింది. సూరి ఈల ఊదాడు. పరాంకుశంగారు తిరిగి చూశారు. కోపం వచ్చి, ముఖం మీది అద్దాన్ని నుదుటి మీదికి తోసేశారు. కోపంలో ఆఫీసు భాష జారిపోయింది.

"ఏయ్! ఏంటమ్మా అది? ఎవరిచ్చారు నీకు పర్మిషను? ఈ నేల ప్రభుత్వానిది, తెలుసా?"

అప్ప నడుం నిలబెట్టింది. "నేలా?"

ఆయన తన కప్పకాళ్ళ కింది ఇసకకేసి చూసుకున్నారు.

"నేలంటన్నావా బాబూ? నీ నోట్లో పంచదార పొయ్య, ఆ మాట కోసమే కాసుక్కూకున్నాం. నేలైతే మరి గొడవే లేదు. నా మెట్ట నాది." అప్ప చుట్టూ చూసింది. తాడిచెట్టు, కుక్క, బోర్డు, నెత్తళ్ళు. "అయితే బాబూ, నేలైతే మరి నీ ఓడేదీ?"

పేపరువాళ్ళు ఫోటోలు తీయడం ఆపి ఆయనకేసి తిరిగారు.

పరాంకుశంగారు కూడా చుట్టూ చూశారు. విభాగం మొత్తానికి ఉన్నది ఒకే ఒక్క ఓడ. దాన్ని రికార్డులో ఇక్కడ దింపింది ఆయన సంతకమే. ఇక్కడ లేదంటే పోయినట్టు. పోయిందంటే ఆయన హయాంలో పోయినట్టు. అంత పెద్ద ఓడ ఎలా పోయిందని పైనుంచి అడిగితే, కుక్క ఎత్తుకుపోయిందని రాయగలరా?

నుదుటిమీది అద్దం నెమ్మదిగా కిందికి దించుకున్నారు. గొట్టం నోట్లో పెట్టుకున్నారు. రెండుసార్లు గట్టిగా ఊపిరి పీల్చారు. మళ్ళీ తీసి, చాలా గంభీరంగా అన్నారు:

"సముద్రము. సందేహము లేదు."

"సరే, సముద్రమే అను," అంది అప్ప. "ఏ సముద్రంలోనైనా సేప ఒక్కకాడే కూకుంటాదేటి? పొద్దున్న ఇక్కడుంటాది, పొద్దుగూకితే ఇంకోకాడికి ఎల్లిపోద్ది. ఎల్లే సేపని ఆపితే పాపం కాదేటి?"

పరాంకుశంగారు మునిగేవాడు తాడు పట్టుకున్నట్టు ఆ మాట పట్టుకున్నారు. "వలస! రాసుకొనండి. ఈ స్మారకమునందలి చేపలు ప్రతి సాయంకాలము వలస పోవును. వలస జీవుల గమనమునకు ఆటంకము కలిగించరాదు." సూరికేసి తిరిగారు. "విన్నావా? దారి వదులు."

గంపల్లో చేపలు వలస వెళ్ళాయి. అప్పలసూరి అటెన్షనులో నిలబడి, వెళ్ళిన ప్రతి గంపకీ సెల్యూటు కొట్టాడు.

ఆ రాత్రి కూరకుండ మామూలుగా నిలబడి ఉంది. అప్ప నాకు కవళ్ళ పులుసు పోస్తూ, "తిను. మాటాడకు," అంది. తిన్నాను. మాట్లాడలేదు. పులుసు పోసినంతసేపూ ఎవరికైనా మాటెందుకు?

ఇప్పుడంతా సుఖంగా ఉంది. ఓడ రికార్డు ప్రకారం మెట్టమీద ఉంది కాబట్టి, సముద్రంలో ఉన్న ఓడకి ఏ బోర్డూ లేదు, ఏ ఈలా లేదు. ధనరాజు జనాన్ని తీసుకెళ్తున్నాడు, బండచేప నోరు తెరిచి మూస్తోంది. మెట్టమీద ఆడవాళ్ళు అద్దాలు నెత్తిన పెట్టుకుని చేపలు వదులుతున్నారు. అప్పలసూరి కాకుల్ని తోలుతున్నాడు. వాడికీ పులుసు అలవాటైంది.

మొన్న చేపలు ఎండుతుండగా చినుకులు పడ్డాయి. ఆడవాళ్ళు పరుగుపరుగున చేపల్ని వలస పంపించేస్తున్నారు. సూరి ఆకాశంలోకి చూసి బుర్ర గోక్కున్నాడు.

"సిన్నమ్మా, సముద్రం అడుగున వానేటి?"

"నాకేటి తెలుసు? పైన ఎక్కడో కారతందేమో. మీ ఆఫీసుకి రాసీ," అంది అప్ప, పరుగాపకుండా.

వాడు నిజాయితీపరుడని చెప్పాను కదా. రాసేశాడు. నిన్న జీపు వచ్చింది. సముద్రం కారుతున్న చోట అతుకు వేయడానికి అంచనాలు తయారుచెయ్యాలట. దిగినవారు సదాశివంగారే. గొలుసు భుజాన వేసుకునున్నారు. నన్ను చూసి ఆయన ముఖం విప్పారింది. చేతులు చాచుకుంటూ వచ్చారు.

"మసేనుగారూ! ఆ కారుచున్న ప్రదేశము సుమారుగా ఏ నంబరులో ఉండవచ్చునంటారు?"

నాకు చప్పున ఒక నంబరు తట్టింది. మా ప్రెసిడెంటుగారి కొత్త మేడది. నోరు తెరిచాను.

మా అప్ప వెనకనుంచి వచ్చి, నా నోట్లో ఇంత ఎండుచేప కుక్కేసింది.